ఉప్పు దారిలో అత్తయ్య

“టేబుల్ మీద తడి లేకుండా తుడువు. పోయినసారి మ్యాపు మూల నానిపోయింది,” అన్నాడు నా భర్త, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ.

తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాను. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం తుడుస్తున్న టేబుల్ అది. ఎక్కడ గీత పడిందో, ఎక్కడ టీ కప్పు అచ్చు దిగిపోయిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ ఆదివారానికి అత్తయ్య పోయి ఐదు వారాలు. ఇంట్లో ఆట ఆగిపోయి కూడా ఐదు వారాలే. “ఎన్నాళ్ళని ఇలా కూర్చుంటావురా, మళ్ళీ మొదలుపెడితే నీ మనసుకీ కాస్త తేలిగ్గా ఉంటుంది,” అని స్నేహితులు ఫోన్ చేసి చేసి ఒప్పించారు. వాళ్ళు ముగ్గురు. పళ్ళ డాక్టరు, లాయరు, నీటి సరఫరా ఆఫీసులో నా భర్తతో కలిసి పనిచేసే పొడుగాయన. రెండింటికి వచ్చి ఆరింటిదాకా కూర్చుంటారు.

అది పెద్దవాళ్ళు ఆడే ఆట. గెలవడం, ఓడిపోవడం అంటూ ఏమీ ఉండదు. ఒకరు కథ నడుపుతారు. ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మా ఇంట్లో అది ఎప్పుడూ నా భర్తే. మిగిలినవాళ్ళకి తలా ఒక పాత్ర. డాక్టరు కత్తి తిప్పే వీరుడు, లాయరు మంత్రగాడు, పొడుగాయన దొంగ. మాస్టర్ ఒక చోటును వర్ణించి, ఇప్పుడు మీరేం చేస్తారని అడుగుతాడు. వాళ్ళు చెప్పిన పని అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే కానట్టు. కొండలు, కోటలు, రాజ్యాలు, మహమ్మారులు అన్నీ ఆ టేబుల్ మీద మాటలతోనే పుడతాయి.

ఆ మాటలు ఎక్కడివో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి.

నేను లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేస్తాను. కింది అంతస్తులో ఒక బల్ల, పుస్తకాలు నొక్కిపెట్టే ఒక ప్రెస్సు, సూదీ దారం, జిగురు డబ్బా. ఇన్నేళ్ళలో నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. మాయలూ డ్రాగన్లూ ఉన్న నవలలు ఎప్పుడూ ఒకేచోట విరుగుతాయి. ఏ పేజీ దగ్గర వీపు పగిలిందో చూస్తే చాలు, చదివినవాళ్ళ గుండె ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. చరిత్ర పుస్తకాలు అలా కాదు. మొదటి ముప్ఫై పేజీలు నలిగి, మాసి, మూలలు మడతపడి ఉంటాయి. ఆ తర్వాతివి అచ్చయిన రోజున ఎంత తెల్లగా ఉన్నాయో అంత తెల్లగా ఉంటాయి. ఎవరూ వెళ్ళని ఆ పేజీల్లోకి నేను వెళ్ళేదాన్ని. జిగురు ఆరడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలే నా చదువు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు నా భర్త వంటగది గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు. “దయ్యాలైపోయాయి, రాక్షసులైపోయారు. ఈ ఆదివారం వాళ్ళకి ఏం చెప్పాలో తోచట్లేదు,” అన్నాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ వారమే కుట్టిన ఒక పుస్తకంలో ముట్టడిలో చిక్కుకున్న కోట ఉంది. బావిలో నీళ్ళు అడుగంటినప్పుడు ముందు గుర్రాలకి, తర్వాత సైనికులకి, మిగిలితే ఆడవాళ్ళకి అని కోటదొర ఆజ్ఞ వేశాడు. తొమ్మిదోరోజు ఆడవాళ్ళే వెనక తలుపు గడియ తీశారు. అది చెప్పాను. ఆదివారం అతను దాన్ని నడిపాడు. పళ్ళ డాక్టరు అతని వీపు మీద చరిచి, “నీ బుర్రే బుర్రరా!” అన్నాడు. వాళ్ళంతా వెళ్ళిపోయాక నా భర్త వంటగదిలోకి వచ్చి, “వెనక తలుపు తెరిచింది ఆడవాళ్ళేనని చెప్పగానే వాళ్ళ మొహాలు చూడాల్సింది!” అని ఆ కథంతా నాకే మళ్ళీ చెప్పాడు. నేనూ సంతోషించాను. అబద్ధమెందుకు, చాలా ఏళ్ళు సంతోషించాను.

తర్వాత ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చిచ్చాడు. “నోటితో చెప్తే మర్చిపోతున్నాను. ఇందులో రాసిపెట్టు.” రాశాను. ఊళ్ళు రాశాను, నదులు రాశాను, ఏ రాజ్యంలో ఏ పంట పండుతుందో, పన్ను ఎగ్గొట్టినవాణ్ణి ఎలా శిక్షిస్తారో, పడవవాళ్ళు ఏమని తిట్టుకుంటారో రాశాను. అలా పద్నాలుగు పుస్తకాలు. “చదవడం నీ పని, నడిపించడం నా పని. మన ఇద్దరం కలిస్తే ఒక మనిషి,” అనేవాడు. ఆ ఒక్క మనిషి అతనే అని అర్థం కావడానికి నాకు టైం పట్టింది. ఒకసారి, “నేనూ కూర్చోనా?” అని అడిగాను. “నువ్వు కూర్చుంటే మాకు టీ ఎవరు పెడతారు వదినా?” అన్నాడు లాయరు. అందరూ నవ్వారు. అంత నవ్వులో నేనూ నవ్వి లోపలికొచ్చి గిన్నెలో నీళ్ళు పోశాను.

పోయిన ఏడు అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. ఆసుపత్రి నుంచి మా ఇంటికే తీసుకొచ్చాం. ఆడపడుచు ఫోన్లో, “నాకు ఆఫీసులో ఊపిరి సలపదు. నీదైతే లైబ్రరీయేగా,” అంది. నా భర్త, “నీళ్ళ ఆఫీసు ఒక్కరోజు ఆగితే ఊరంతా ఆగిపోతుంది. మరి మీ దగ్గర?” అని ఆపాడు. వాక్యం పూర్తిచేసే పని నాకు వదిలాడు. మా పైఆఫీసరు కూడా అదే అన్నాడు, కాకపోతే మర్యాదగా. “పుస్తకాలెక్కడికీ పారిపోవులేమ్మా. మీ అత్తగారిని చూసుకోండి.” సగంరోజు ఉద్యోగానికి మారాను. మరుసటి వారానికల్లా నా బల్లని కిటికీ పక్కనుంచి జరిపి అక్కడ కొత్త స్కానింగ్ మెషీన్ పెట్టారు. నాకు మెట్ల కింద చోటు దొరికింది.

అత్తయ్యకీ నాకూ అంతకు ముందు పెద్ద ప్రేమలేమీ లేవు. ఆమె నోరు పదునైనది. పెళ్ళయి వచ్చిన వారానికే, “ఆ పుస్తకం అవతల పడేసి మనుషుల మొహం చూడు కాస్త,” అంది నన్ను. పద్దెనిమిదేళ్ళపాటు ఆమె నాకు ఆ నోరు మాత్రమే. ఇప్పుడు ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, చెంచాతో తినిపించడం. ఇద్దరికీ సిగ్గుగానే ఉండేది. ఇద్దరం గోడ వైపు చూస్తూ ఆ పనులు కానిచ్చేవాళ్ళం.

ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. “రోజూ చిన్నచిన్న వస్తువులు వేళ్ళతో పట్టి తీయించండి. గుండీలు, గింజలు, ఏవైనా సరే,” అని చెప్పింది. నేను చొక్కా గుండీలు గిన్నెలో పోసి పెట్టాను. అత్తయ్య ఎడంచేత్తో గిన్నెను కింద పడదోసింది. “నేనేమన్నా చంటిపిల్లనా?” అంది. గుండీలన్నీ మంచం కిందికి దొర్లాయి. నేల మీద పాకుతూ ఏరుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం నా భర్త ఆటకి వాడే పాచికల పెట్టె తెచ్చుకుని ఆమె మంచం పక్కనే కూర్చుని శుభ్రం చేస్తున్నాను.

“ఏమిటవి?”

“పాచికలత్తయ్యా. ఆదివారం ఆటవి.”

“పాచికంటే ఆరు ముఖాలే కదా?”

“దీనికి ఇరవై.”

“ఇటివ్వు.”

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని పట్టుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. దీన్ని మాత్రం విసిరికొట్టలేదు.

“వీటితో వాడేం చేస్తాడు వారంవారం?”

చెప్పాను. అర్థం కాలేదంది. అయితే ఆడి చూపిస్తానన్నాను.

“మీరొక ఊరి గోడ ముందు నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. పెద్ద తలుపు సగం తెరిచి ఉంది. కాపలావాడు లేడు. లోపల్నుంచి ఏ చప్పుడూ రావట్లేదు. ఇప్పుడేం చేస్తారు?”

ఆమె నా మొహంలోకి చూసింది. “ఏం చెయ్యమంటావు?”

“మీ ఇష్టం.”

“ఎవర్నడగాలి?”

“ఎవర్నీ అడగక్కర్లేదత్తయ్యా. మీరేం చేస్తానంటే అదే.”

పాచికను గుప్పిట్లో మూసుకోవాలని చూసింది, వేళ్ళు సహకరించలేదు. “రేపు చెప్తా,” అంది చివరికి.

మర్నాడు పొద్దున వీపు తుడుస్తుంటే తనంతట తనే మొదలుపెట్టింది. “ఆ తలుపులోంచి వెళ్ళను. కాపలా లేని తలుపు నాకు నచ్చలేదు. గోడ చుట్టూ తిరిగి చూస్తాను. ఇంకో దారి ఉండే ఉంటుంది.”

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో మా ఆదివారం వీరుల్లో ఒక్కరికీ తట్టని మాట అది. తలుపు కనిపిస్తే తన్నడమే వాళ్ళకి తెలుసు.

అలా మొదలైంది. మధ్యాహ్నం నేను లైబ్రరీ నుంచి వచ్చి, ఆమెకు తినిపించి, నేనింత తిని, రెండింటికి మంచం పక్కన కుర్చీ వేసుకునేదాన్ని. పాత్రకి ఎన్నేళ్ళు పెట్టమంటారని అడిగితే ముప్ఫై అంది. “నాకు ముప్ఫై ఎలా గడిచిందో గుర్తులేదు. ఒకడు చంకలో, ఒకతి కాళ్ళకి అడ్డం. ఈసారైనా చూస్తాను ఎలా ఉంటుందో.” ఏం పని చేస్తుంది మీ మనిషి అంటే, సైనికురాలు వద్దంది, మంత్రగత్తె వద్దంది. వైద్యురాలు అన్నాను. “అస్సలొద్దు. మంచాన పడ్డవాళ్ళకి చేసే పని ఎవరికీ వద్దు,” అంది. ఆ మాటన్నాక ఆమె నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

అప్పుడు నా దగ్గర వీపు ఊడిన పుస్తకం ఒకటి ఉంది. ఎడారి దాటి ఉప్పు మోసుకెళ్ళే ఒంటెల బిడారుల చరిత్ర. అందులో రెండొందల పేజీలు దాటాక ఒకే ఒక వాక్యం. ఆ ఏడు బిడారుకి దారి చూపింది ఒక స్త్రీ, నక్షత్రాలు కనపడనప్పుడు ఇసుక రుచి చూసి ఎటు వెళ్ళాలో చెప్పేది. అంతే, తర్వాతి వాక్యంలో మళ్ళీ ఒంటెల సంఖ్య. అది చదివి వినిపించాను.

“ఇసుక నాలిక మీద వేసుకునా?” అత్తయ్య కళ్ళు మెరిశాయి. “యాభై ఏళ్ళు వంట చేశాను. రుచి చూసి చెప్పడం నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది? అదే పెట్టు నాకు.”

అలా అత్తయ్య ఉప్పు దారిలో మార్గదర్శి అయింది. ఏడునెలలు నడిచింది. దొంగలొస్తే పోట్లాడకుండా ఉప్పు మూటల వెనక దాక్కుని వాళ్ళ ఒంటెల తాళ్ళు విప్పేసింది. ఎండిన నది దగ్గర ఎక్కడ తవ్వాలో చెప్పింది. బిడారు యజమాని మాట తప్పితే అతన్ని ఎడారి మధ్యలో ఒక పూటంతా నిలబెట్టి, “ఇప్పుడు చెప్పు, దారి ఎటో నీకు తెలుసా?” అని అడిగింది. ఆ రోజు ఎంత నవ్వామో! పొరబోయి దగ్గొస్తే వీపు నిమిరాను. ఏప్రిల్ నాటికి ఆమె వేళ్ళు పాచికని మొదటిసారికే పట్టుకోగలిగాయి. ఫిజియోథెరపీ అమ్మాయి ఆశ్చర్యపోయి ఏం చేయిస్తున్నారని అడిగింది. చెబితే నవ్వింది, తర్వాత నవ్వు ఆపి, “మా వార్డులో ఇలాంటివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారండీ. ఆదివారాలు మరీ దిగులుగా ఉంటారు,” అంది. అప్పుడు ఊరికే విని ఊరుకున్నాను.

లైబ్రరీ నుంచి రాగానే, “ఇవాళేం తెచ్చావు?” అని అడగడం ఆమెకు అలవాటైంది. ఇంటికి తెచ్చుకున్న పుస్తకాలకి జిగురు పూస్తూ చదివి వినిపించేదాన్ని. ఆమె ఊరికే వినేది కాదు. “ఈ డ్రాగన్ ఎప్పుడు చూసినా ఆడపిల్లల్నే తింటుందేం? మగపిల్లలు దానికి అరగరా?” అనేది. చరిత్ర చదివితే, “ఇన్ని యుద్ధాలు రాశాడు సరే, లక్షమంది సైన్యానికి గిన్నెలు తోమిందెవరో రాయలేదేం?” అనేది. పుస్తకం అవతల పడేయమన్న మనిషేనా అని నాకు ఆశ్చర్యం.

జూన్‌లో బిడారు ఒక ఊరి దగ్గరికి చేరింది. ఊళ్ళో మహమ్మారి. తలుపులన్నీ బయటినుంచి మేకులు కొట్టేశారు. గోడ మీది సందులోంచి ఒక పిల్ల గొంతు వినపడుతోంది, మంచినీళ్ళు అడుగుతోంది. అదీ నేను ఒక పుస్తకంలో చదివినదే. బిడారు పక్కనుంచి వెళ్ళిపోతుందని, దారిలో ఆమె దిగులుపడుతుందని అనుకుని రాసుకున్నాను.

“లోపలికి వెళ్తాను,” అంది అత్తయ్య.

“రోగం అంటుకుంటుందత్తయ్యా.”

“వెళ్తానన్నానా లేదా?”

“బిడారు మీకోసం ఆగదు.”

“పోతే పోనీ.”

గోడ ఎక్కించాను. పిల్ల దొరికింది. పద్నాలుగేళ్ళుంటాయి, ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల బతకాలంటే పదిహేను పైన పడాలన్నాను. అత్తయ్య పాచిక పట్టుకుని చాలాసేపు ఉంది. తర్వాత దుప్పటి మీదికి వదిలింది. మూడు పడింది.

ఆమెకు చూపు సరిగా ఆనదు. “ఎంత?” అంది.

“పద్దెనిమిది,” అన్నాను.

“అబద్ధం. నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఎంత?”

“మూడు.”

ఆమె తల ఊపింది. “సరే. పిల్ల పోయింది. నేను పక్కనే ఉన్నానా?”

“ఉన్నారు.”

“తల నా ఒళ్ళో ఉందా?”

“ఉందత్తయ్యా.”

“నీళ్ళు తాగిందా?”

“తాగింది.”

అప్పుడు ఏడ్చింది. మామయ్య పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. ఒక పక్క మొహమే ఏడుస్తోంది, రెండో పక్క కదలడం లేదు. ఏడుపు కాస్త తగ్గాక చెప్పింది. ఆమెకు ఒక చెల్లెలు ఉండేది. అత్తయ్యకు పెళ్ళయిన రెండో ఏట ఆ పిల్లకి జ్వరమొచ్చి, అక్కని చూడాలని కలవరిస్తోందని కబురొచ్చింది. ఇంటినిండా చుట్టాలు. “వచ్చేవారం వెళ్దువుగాని. ఇంతమందికి వంటెవరు చేస్తారు?” అన్నాడట మామయ్య. పదకొండుమందికి నాలుగురోజులు వండింది. అయిదోరోజు రెండో కబురొచ్చింది.

“ఆ నాలుగురోజులూ ఏ పూట ఏం వండానో ఇప్పటికీ వరసగా చెప్పగలను,” అంది అత్తయ్య.

“పిల్లలకి చెప్పలేదా?”

“వాళ్ళ నాన్న మీద చాడీ చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను. తర్వాత చెప్పడానికి ఏం మిగల్లేదు.”

తర్వాత రెండువారాలకి, పొద్దున్నే, చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్తుంటే ఆమె కళ్ళు ఒక్కసారిగా పైకి తేలిపోయాయి. రెండోసారి వస్తే కష్టమని డాక్టర్లు ముందే చెప్పారు. సాయంత్రానికి పోయింది. అప్పటికి మార్గదర్శి ఆ ఊరు దాటి ఒంటరిగా నడుస్తోంది. సముద్రం వాసన వస్తోందని చెప్పాను, చూడాలని ఉందంది. అక్కడికి ఆగాం. చెల్లెలి సంగతి తప్ప, అత్తయ్య అన్న మాటలతో సహా ఆ ప్రయాణమంతా రాసిన నోటుపుస్తకాన్ని నా అలమరలో బట్టల కింద పెట్టుకున్నాను. అది పదిహేనోది.

ఇప్పుడు ఆ ఆదివారం. టేబుల్ తుడిచాను, వాళ్ళొచ్చారు. ముగ్గురూ నా భర్త భుజం తట్టారు. పొడుగాయన నా దగ్గరికొచ్చి, “పెద్దావిడకి బాగా చేశారమ్మా,” అన్నాడు. మంచి మనిషే. నేను వంటగదిలో టీ పెడుతుంటే హాల్లోంచి నా భర్త గొంతు వినిపించింది.

“ఊరి తలుపులన్నీ బయటినుంచి మేకులు కొట్టేశారు. గోడ సందులోంచి ఒక పిల్ల గొంతు.”

పదిహేనో పుస్తకం. బట్టల కిందనుంచి తీశాడు. ఎప్పుడు తీశాడో. ఆ ఊరు, ఆ గోడ, ఇసుక రుచి చూసే ఆడమనిషి, అన్నీ వరసగా చెప్తున్నాడు. బాగా చెప్తాడు, అది ఒప్పుకోవాలి.

“అబ్బ, ఈ ఇసుక నాకే ఆవిడ ఎక్కణ్ణుంచి దొరికిందిరా నీకు?” పళ్ళ డాక్టరు అడిగాడు.

“ఏదో అలా తట్టింది,” అన్నాడు నా భర్త.

“ఆవిడ మనల్ని అడ్డుకుంటుందా?”

“పిల్ల దగ్గరికి వెళ్తానంటోంది. మీరేం చేస్తారు?”

లాయరు పకపకా నవ్వాడు. “చాదస్తపు మనిషిలా ఉంది. ఆవిణ్ణి కూడా లోపలికి తోసి తలుపుకి ఇంకో మేకు కొట్టేద్దాం. దారి మ్యాపులో ఉంది కదా, ఆవిడతో మనకేం పని?”

పాచిక దొర్లిన చప్పుడు. “ఇరవై!” అని అరిచారు. చప్పట్లు. నా భర్త కూడా నవ్వుతూ, ఆమె లోపలినుంచి తలుపు బాదడం వర్ణించాడు. టేబుల్ మీద గుప్పిటతో బాదుతూ ఆ చప్పుడు కూడా చేసి చూపించాడు.

స్టవ్ ఆపేశాను. హాల్లోకి వెళ్ళి అతని ముందున్న పుస్తకం మూసి చేతిలోకి తీసుకున్నాను.

“ఏమిటిది? ఆట మధ్యలో!” అన్నాడు.

“ఇది మీకోసం రాసింది కాదు.”

“పద్నాలుగు రాశావు, ఇది మాత్రం నాది కాదా? అందులో ఉన్నది మా అమ్మ. మా అమ్మ గురించి నీకంటే నాకు తెలీదా?”

“అయితే ఆ పిల్ల ఎవరో చెప్పండి.”

“ఎవరేంటి? కథలో పిల్ల.”

“మీ అమ్మ చెల్లెలు.”

అతను నన్నూ, స్నేహితులనూ మార్చి మార్చి చూశాడు. పెదాల మీది నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “మా అమ్మకి చెల్లెలెక్కడుంది? నాకు పిన్ని లేదే!” అన్నాడు.

పళ్ళ డాక్టరు తన ముందున్న కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆట నాలుగింటికే అయిపోయింది.

సాయంత్రం అతను అత్తయ్య ఖాళీ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఎలా పోయింది ఆ పిన్ని? అమ్మ ఏం చెప్పింది?” అని అడిగాడు. ఇన్నేళ్ళలో అతను అడిగింది చెప్పకుండా ఉన్న రోజు లేదు నాకు. నాలిక చివరిదాకా వచ్చింది. జాలేసింది కూడా. అతని తల్లి, అతని దుఃఖం. పైగా నేనేమంత గొప్పదాన్నని? పద్దెనిమిదేళ్ళు ఆమె పక్కనుంచి తిరుగుతూ నేను మాత్రం ఏమడిగాను? ఆమె చెయ్యి పడిపోతేగాని, గుండీలు దొర్లిపోతేగాని మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

“నేను చెప్పను,” అన్నాను.

“నాకు తెలియక్కర్లేదా?”

“తెలియాలి. మీ మేనమామ ఉన్నారు, ఆయన్నడగండి. తిరిగి తెలుసుకోండి. నేను చెప్తే అది మళ్ళీ ఆదివారానికి పనికొస్తుంది.”

“నన్ను అంత మనిషిననుకుంటున్నావా?”

మళ్ళీ అతనే అన్నాడు, గొంతు తగ్గించి. “వచ్చేవారం నుంచి నువ్వూ కూర్చో. నీకూ ఒక పాత్ర ఇస్తాం.”

మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. ఆ మాట కోసం ఒకప్పుడు ఎంత ఎదురుచూశానో అతనికి తెలీదు. నేను కట్టిన ఊళ్ళో, నేను తవ్విన నది ఒడ్డున, నాకొక పాత్ర ఇస్తారట. “టీ ఫ్లాస్కులో పోసిపెట్టి వెళ్తాను,” అన్నాను. రెండునిమిషాలకి మనసు మార్చుకున్నాను. “లేదు, మీరే పెట్టుకోండి.”

మరుసటి ఆదివారం ఒకటిన్నరకి ఇంట్లోంచి బయల్దేరాను. సంచిలో ఖాళీ నోటుపుస్తకం, నేను కొనుక్కున్న పాచిక. అత్తయ్య పుస్తకం ఇంట్లో లేదు. లైబ్రరీలో మెట్ల కింద నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ సముద్రం దాకా ఆమెను నేను నడిపించలేను. ఏం చేస్తుందో చెప్పాల్సిన మనిషి లేదు. ఆ పేజీలు అలాగే తెల్లగా ఉంటాయి.

ఫిజియోథెరపీ అమ్మాయి వార్డు గుమ్మంలో ఎదురొచ్చి కిటికీ పక్క మంచం చూపించింది. నా వయసే ఉంటుంది ఆమెకు. బట్టల దుకాణంలో ఇరవై ఏళ్ళు నిలబడి పనిచేసిందట. ఎడంచెయ్యి ఒళ్ళో పడుంది. నేను వెళ్ళేసరికి ఫోన్లో ఎవరో, “ఇంకెన్నాళ్ళు? ఇక్కడ పనంతా ఎక్కడిదక్కడే ఉంది,” అని గట్టిగా అంటున్నారు, నాకు కూడా వినబడింది. ఆమె ఊఁ, ఊఁ అని ఫోన్ బోర్లించి పెట్టేసింది. ఆట ఎలా ఉంటుందో చెప్పాను. సరేనంది, అంత ఇష్టం లేకుండానే.

“మూడు దారులు కలిసేచోట నిలబడ్డారు మీరు,” అని మొదలుపెట్టాను. “ఒకటి కొండల్లోకి పోతుంది. ఒకటి అడవిలోకి. మూడోది ఏటి వెంబడి.”

ఆమె వార్డు గుమ్మం వైపు ఒకసారి చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత నా వైపు కాస్త వంగి మెల్లగా అడిగింది.

“వీటిల్లో ఇంటికి పోనిది ఏది?”